కరిగించిన ఎలుకను బాల్ పైథాన్ ముట్టకపోతే

మీ పెంపుడు బాల్ పైథాన్ (ఒక రకం చిన్న కొండచిలువ) ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించిన ఎలుక దాకా వచ్చి, నాలుక ఆడించి వెనక్కి తిరిగిపోతోందన్నారు. దగ్గరికి వస్తోందంటే ఆకలి ఉండొచ్చు. ఎలుకలో వేడి చాలడం లేదేమో చూడండి. బాల్ పైథాన్‌కు పైపెదవి వెంట వేడిని పసిగట్టే గుంటలుంటాయి. చల్లటి ఎలుక దానికి ఆహారంలా తోచదు.

ముందురోజు రాత్రే ఎలుకను ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. పెట్టేముందు జిప్ కవర్లో వేసి, గాలి తీసి, 40 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ముంచండి. పొట్ట నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే ఇంకా కరగలేదన్నమాట, అలాగే మింగితే కక్కేయొచ్చు. మైక్రోవేవ్ మాత్రం వద్దే వద్దు: ఒకచోట ఉడుకుతుంది, ఇంకోచోట గడ్డగానే ఉంటుంది, పొట్ట పగలొచ్చు కూడా.

చివర్లో తలను ఇంకో నిమిషం వేడినీళ్లలో ఉంచి, ఒళ్లంతా తుడవండి. లైట్లు ఆర్పాక, పొడవాటి పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని తల ముందుకు వచ్చేలా మెల్లగా కదిలించండి. ముఖం మీదికి పొడిస్తే బెదురుతుంది.

అప్పటికీ తీసుకోకపోతే అది దాగే చోటు ముందు రాత్రంతా వదిలేయండి. పొద్దున మిగిలితే పారేయాలి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. వారం ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఈలోగా బరువు తూచి రాసుకోండి. తగ్గుతూ పోతుంటే సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించండి.