కొత్త రీఇష్యూలో చిటపటలా? ముందు కడిగి చూడండి

కొత్తగా కొన్న రీఇష్యూ ఎల్‌పీ (పాత ఆల్బమ్‌ను మళ్లీ అచ్చేసిన వినైల్ రికార్డు) చిటపటలాడుతోంది, పాత ప్రెస్సింగే, అంటే అప్పట్లో అచ్చేసిన కాపీయే నయమా అని అడిగారు కదా. తొందరపడి వాపసు చేయకండి. కొత్త రికార్డుకీ దుమ్ము, లోపలి కాగితం కవరు పొట్టు, స్టాటిక్ ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ వినండి. అప్పటికీ ప్రతి చుట్టుకీ ఒకేచోట, అంటే నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో 1.8 సెకన్లకోసారి, టక్‌మంటే అది గీతో, ప్రెస్సింగ్ లోపమో. అప్పుడు మార్చమనండి.

రికార్డు 180 గ్రాముల బరువుందని చూసి మాత్రం మురిసిపోకండి. ఒకప్పుడు నేనూ మురిసిపోయినవాణ్ణే! శబ్దం బాగుండేది మాస్టరింగ్ వల్ల, అంటే అచ్చుకు ముందు శబ్దాన్ని తుదిగా తీర్చిదిద్దే పని వల్ల. ఈ ఏడాది నాకు బాగా నచ్చిన రీఇష్యూలన్నీ అసలు టేపుల నుంచి కట్ చేసినవే (అంటే ఆ టేపుల్లోని శబ్దాన్నే అచ్చుకు మూలమైన డిస్క్‌పై గాడులుగా చెక్కినవే). లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ వలయంలో చెక్కిన అక్షరాలు చూడండి, కటింగ్ ఎవరు చేశారో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.