బావిలో ఈత నేర్చిన అబ్బాయికి స్విమ్మింగ్‌లో భవిష్యత్తు ఉందా?

కర్నూలు నుంచి ఒక అమ్మ అడిగారు: "మా వాడు తొమ్మిదో తరగతి పూర్తి చేశాడు. నందికొట్కూరు దగ్గర వాళ్ల తాత ఊళ్లో బావిలో ఈత నేర్చుకున్నాడు, ఇప్పుడు కేసీ కెనాల్‌లో కూడా దూకుతున్నాడు. స్విమ్మర్ అవుతానంటాడు, వాళ్ల నాన్నేమో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిద్దామంటారు. ఏం చేయమంటారు?"

అమ్మా, బావిలో ఈత వచ్చినంత మాత్రాన పోటీలకు పనికొస్తాడని కాదు, అలాగని అది తీసిపారేసేదీ కాదు. నడుముకు సొరకాయ బుర్రో ఖాళీ క్యానో కట్టుకుని దూకిన పిల్లలకు నీళ్లంటే భయం పోతుంది, అది సగం పని. కానీ మన బావి ఈతలో తల ఎప్పుడూ నీళ్లపైనే ఉంటుంది, గమనించారా? తల పైకెత్తితే నడుము, కాళ్లు కిందికి దిగిపోతాయి, ఒళ్లంతా నీటికి అడ్డం పడుతుంది, ఎంత బలంగా చేతులు వేసినా ముందుకు పోయేది తక్కువ. ముఖం నీళ్లలో ఉంచి ఊపిరి వదలడం, చెయ్యి లేచినప్పుడు తల పక్కకు తిప్పి గాలి పీల్చడం కోచ్ దగ్గరే నేర్చుకోవాలి, పాత అలవాటు పోవడానికి టైమ్ పడుతుంది.

ఈ ఆట ఎంత మారిందో చూడండి. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఈత పోటీలు సముద్రంలోనే పెట్టారు. 100 మీటర్లు గెలిచిన హంగరీ కుర్రాడు ఆల్‌ఫ్రెడ్ హాయోష్‌కు 1 నిమిషం 22.2 సెకన్లు పట్టింది. 2024 పారిస్‌లో చైనా స్విమ్మర్ పాన్ ఝాన్‌లె అదే దూరం పూల్‌లో 46.40 సెకన్లలో ముగించాడు.

హాయోష్ సంగతి మీ ఆయనకు కూడా చెప్పండి. 13 ఏళ్లప్పుడు తండ్రి డాన్యూబ్ నదిలో మునిగి చనిపోతే ఆ కుర్రాడు పట్టుబట్టి ఈత నేర్చుకున్నాడు, పతకాలు గెలిచేనాటికి ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు, తర్వాత ఆర్కిటెక్ట్‌గానే స్థిరపడి, 1924 ఒలింపిక్స్‌లో అప్పట్లో ఉన్న కళల పోటీల్లో స్టేడియం డిజైన్‌కు వెండి పతకం తెచ్చుకున్నాడు. కాబట్టి చదువా ఈతా అని ఇంట్లో ఇప్పుడే గొడవ వద్దు.

అయితే దాచకుండా చెప్పాలి, జాతీయ స్థాయికి వెళ్లేవాళ్లు చాలామంది ఎనిమిది, తొమ్మిదేళ్లకే మొదలుపెట్టి పొద్దున, సాయంత్రం రెండు పూటలా పూల్‌లో ఉంటారు. మీ వాడు ఆలస్యంగా వస్తున్నాడు. జిల్లా స్పోర్ట్స్ అథారిటీ ఆఫీసులో అడిగి కోచ్ ఉన్న పూల్‌లో చేర్పించండి, 50 మీటర్ల ఫ్రీస్టైల్ (నచ్చిన పద్ధతిలో ఈదే పోటీ) టైమ్ ఇప్పుడొకసారి, ఆరు నెలలకు ఇంకోసారి రాయించండి. అప్పటికి 30 సెకన్ల దరిదాపుల్లోకి వస్తే అండర్-17 స్కూల్ గేమ్స్‌కు పంపండి. రాకపోతే పోటీల మీదే ఆశ పెట్టుకోవద్దని నా సలహా.

పతకం రాకపోయినా దారులున్నాయి. డిగ్రీ తర్వాత పాటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ)లో ఏడాది కోచింగ్ డిప్లొమా చేయొచ్చు, లేదంటే బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ), లైఫ్‌గార్డ్ శిక్షణ. స్పోర్ట్స్ కోటా సీట్లున్నాయి గానీ ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో ఆ ఏడాది నోటిఫికేషన్ చదివి చూసుకోండి, వాళ్లూ వీళ్లూ చెప్పింది నమ్మొద్దు.

కెనాల్ మాత్రం ఈ రోజే మాన్పించండి. బావిలో నీళ్లు నిలకడగా ఉంటాయి, కాలువలో వదిలినప్పుడు వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, సిమెంటు గట్టు పాచిపట్టి జారుతుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అక్కడే పోతున్నారు.