కొన్నామనుకున్నది కొన్నట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. వయసు 32. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, నెలకు చేతికి 42,000 వస్తుంది. ఇంటి ఖర్చు 27,000. ఊళ్లో నాన్నగారి మందులకి, ఆయన అప్పుకి కలిపి 10,000 పంపిస్తాను. చిన్నప్పటి నుంచీ నాకు కామిక్స్ పిచ్చి. రెండు యాప్‌ల చందా 450, డిజిటల్‌గా కొనే సంపుటాలు 900, అచ్చు పుస్తకాలు 1,400, వెరసి నెలకు 2,750 అవుతోంది. ఇది కాక పోయినేడాది రెండు మాంగా (జపాన్ కామిక్స్) బాక్స్ సెట్లు ఈఎంఐ మీద తీసుకున్నాను. నెలకు 1,550, ఇంకా రెండు వాయిదాలున్నాయి. అత్యవసరానికి బ్యాంకులో 18,000 ఉంది. అన్నీ ఫోన్లోనే చదువుకోవచ్చు కదా, ఈ కాగితాలెందుకు అంటుంది మా ఆవిడ. ముందు ముందు వీటికి మంచి రేటు పలుకుతుందని నేనంటాను. మాకు మూడేళ్ల పాప ఉంది. ఎవరి మాట రైటు? ఉన్న 140 పుస్తకాలు అమ్మేయమంటారా?

జవాబు: మీ ఆవిడగారు ఆ 1,400 వంక చూస్తున్నారు. నా కళ్లు మాత్రం పక్కనున్న 900 దగ్గర ఆగాయి.

చందా అంటే అద్దె. ఆ నెలకి కట్టారు, చదువుకున్నారు, అక్కడితో సరి. అచ్చు పుస్తకం సొంతం. దాన్ని తమ్ముడికి ఇవ్వచ్చు, స్నేహితుడికి అరువివ్వచ్చు, విసుగొస్తే అమ్ముకోవచ్చు. డిజిటల్ సంపుటం ఈ రెంటిలో దేనికీ చెందదు. ‘కొనండి’ అనే బటన్ నొక్కి కొనుగోలు ధరే కడతాం. దక్కేది మాత్రం చదువుకునే అనుమతి. చాలా కంపెనీల షరతుల్లో ఆ అనుమతి ఇంకొకరికి బదిలీ చేసే వీలు లేదని ఉంటుంది. అంటే రేపు మీ పాప పెద్దదయ్యాక ఆ సంపుటాలు తనకి రాసివ్వడానికి కూడా లేదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2009లో హక్కుల వివాదం వచ్చినప్పుడు అమెజాన్, పాఠకులు డబ్బిచ్చి తీసుకున్న ఒక నవల కాపీలను వాళ్ల కిండిల్‌లలోంచి (ఈ-పుస్తకాలు చదివే పరికరాల్లోంచి) తీసేసింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణమే ఎత్తేసింది. డబ్బు వెనక్కిచ్చింది గానీ పుస్తకాలు పోయాయి. కామిక్స్ చదివేవాళ్లు ఎంతో ఇష్టపడిన కామిక్సాలజీ అనే డిజిటల్ కామిక్స్ యాప్‌ని 2014లో అమెజాన్ కొంది. 2023 చివరికి ఆ యాప్‌ను కిండిల్‌లో కలిపేసింది. కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని దాచుకునే సౌకర్యం కూడా 2025 ఫిబ్రవరితో ఆగిపోయింది. మన దగ్గరే చూడండి. చందమామ పాత సంచికలు ఆ పత్రిక వెబ్‌సైట్‌లోనే కొన్నాళ్లు చదువుకునే వీలుండేది. తర్వాత ఆ సైటే లేకుండా పోయింది. మా మేనమామ గారింట్లో అట్ట ఊడి, దారంతో కుట్టిన చందమామల కట్ట మాత్రం ఇప్పటికీ బీరువా పైనే ఉంది. నాకూ ఒక దెబ్బ తగిలింది. ఒక యాప్‌లో ఒక్కొక్కటిగా 37 సంచికలు కొన్నాను. ఒకరోజు తెరిస్తే ‘సేవలు నిలిపివేశాం’ అన్న ఒక్క వాక్యం కనిపించింది.

కాబట్టి ఆ 900 ముందు ఆపండి. డిజిటల్‌కి అద్దె రేటే కట్టండి. కొనుగోలు రేటు పెడుతున్నారంటే వస్తువు చేతికి రావాలి. మాంగా అయితే తాజా అధ్యాయాలు ప్రచురణకర్తలే అధికారికంగా ఉచితంగా ఇస్తున్నారు. జపాన్ సంస్థ షుఎయిషా 2019లో మొదలుపెట్టిన మాంగా ప్లస్ అలాంటిదే. ముందు అక్కడ చదివి చూడండి. రెండోసారి చదవాలనిపించిన కథనే కాగితం మీద కొనండి.

ఇక మీ మాట. మంచి రేటు వస్తుందన్న లెక్క మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి పది సెంట్ల సంచిక 2024లో 60 లక్షల డాలర్లకి అమ్ముడుపోయిన వార్త మీరూ చదివే ఉంటారు. ఆ రోజుల్లో పిల్లలు చదివేసి పారేశారు. యుద్ధకాలంలో పాత కాగితాల కింద పోగుచేసి ఇచ్చేశారు. మిగిలినవి చాలా కొద్ది కాబట్టే ఆ ధర. ఇలాంటి వార్తలు చూసి 1990ల మొదట్లో అమెరికాలో జనం కామిక్స్‌ని షేర్లలా కొన్నారు. 1991లో వచ్చిన ఎక్స్‌మెన్ మొదటి సంచిక 80 లక్షల కాపీలకు పైగా పోయింది. ఒక్కొక్కరు అయిదేసి, పదేసి కాపీలు ప్లాస్టిక్ కవర్లలో దాచారు. అందరి దగ్గరా ఉన్నదాన్ని ఎక్కువిచ్చి ఎవరు కొంటారు? ఆ సంచిక ఇప్పటికీ చవగ్గానే దొరుకుతుంది. ఆ బుడగ పగిలి దుకాణాలు వరసగా మూతపడ్డాయి. ఎక్స్‌మెన్‌ని వేసే మార్వెల్ సంస్థే 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. మీ బాక్స్ సెట్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ అచ్చయ్యేవి. వాటిని ఆస్తుల పట్టికలో రాయకండి, సరదా ఖర్చు కిందే రాసుకోండి.

మీ ఆవిడగారి మాటలో నిజం ఉన్నది ఒక్కచోట. కాగితాన్ని కాపాడుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో సలహా కోసం నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం ఇల్లు మునిగింది. నీళ్లు తీశాక వాళ్ల పిల్లాడి కామిక్స్ డాబా మీద ఆరబెట్టారు. మామూలు కాగితం పుస్తకాలు ఉబ్బినా విడివడ్డాయి. నున్నటి మెరుపు కాగితం మీద అచ్చయినవి మాత్రం పేజీకి పేజీ అతుక్కుపోయి ఇటుకల్లా తయారయ్యాయి. గోరు పెట్టి ఒక పేజీ లేపితే బొమ్మ కిందిదానికే అంటుకుపోయింది. అన్నిటికంటే కింది అరలో పెట్టినవి ఖరీదైనవి, బరువని అక్కడ పెట్టారట. మీరు ఆ పని చేయకండి. కింది అర ఖాళీగా ఉంచండి. బీరువాని గోడకి జానెడు దూరం జరపండి, చెద గోడ పట్టుకునే వస్తుంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ అనే ఇంటి బీమా పాలసీ వరద నష్టాన్నీ కవర్ చేస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నా సామాను వరకే తీసుకోవచ్చు. పుస్తకాలు దాని కిందికి వస్తాయో రావో కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

నన్ను నిజంగా కలవరపెట్టింది ఆ 18,000. మీ ఇంటి ఖర్చుకి అది ఇరవై రోజులు. కాలేజీ జీతం ఒక్క నెల ఆలస్యమైతే నాన్నగారి మందులకి ఎవరి దగ్గర చేయి చాస్తారు? కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 1,08,000 పక్కన ఉండాలి. ఇంకా 90,000 కావాలి.

కామిక్స్ మానేయమని నేను చెప్పను. రోజంతా పాఠాలు చెప్పి ఇంటికొచ్చిన మనిషికి అది అన్నం తర్వాత పెరుగు లాంటిది. తగ్గించండి, అంతే. యాప్ ఒకసారికి ఒక్కటే, 200. ఒకదాంట్లో చదవాల్సినవి అయిపోయాకే రెండోదానికి మారండి. అచ్చు పుస్తకాలకి 750. మొత్తం 950. మిగిలే 1,800 జీతం పడ్డ మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కి వెళ్లిపోవాలి. రెండు నెలల్లో ఈఎంఐ తీరగానే ఆ 1,550 కూడా దానికే కలపండి. అప్పుడు నెలకు 3,350. వడ్డీ లెక్కలోకి తీసుకోకపోయినా 28 నెలల్లో ఆ 90,000 జమవుతుంది.

‘నో కాస్ట్’ ఈఎంఐ అన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది. దానంత డిస్కౌంట్ దుకాణం ముందే ఇస్తుంది కాబట్టి మనకి కనిపించదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మన నెత్తినే పడుతుంది. కొన్నిచోట్ల ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉంటుంది. మీ స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి. పుస్తకానికి ఇంకెప్పుడూ ఈఎంఐ పెట్టకండి.

యాప్ ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2021 అక్టోబరు నుంచి డబ్బు కోసుకునే 24 గంటల ముందు మనకి సమాచారం రావాలి. 15,000 లోపు అయితే ఓటీపీ అడక్కుండానే పోతుంది. కాబట్టి ఆ మెసేజీ చదవండి. యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’లోకి వెళ్లి అక్కడే రద్దు చేయండి.

750కి ఏమొస్తాయి అంటారేమో. ఒక ఆదివారం విజయవాడ బస్సెక్కి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలకి రండి. కొనేముందు మూడు చూడండి: మధ్య పేజీల పిన్నులు తుప్పు పట్టాయా, చివరి పేజీ ఉందా, వెన్ను దగ్గర సన్నటి చిల్లులున్నాయా. చిల్లులుంటే ఎంత చవకైనా ఇంటికి తేవద్దు, మీ 140కీ పురుగు పడుతుంది. కొత్తవి కావాలంటే జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం దాకా ఓపిక పట్టండి. ఆ 750 ఏ నెలైనా మిగిలితే అప్పటికి దాచండి.

140 పుస్తకాలూ అమ్మకండి. తూకానికి వేస్తే మీకొచ్చేది ఒక నెల పాలబిల్లుకి సరిపోదు. ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని అన్నీ నేలమీద పరవండి. రెండేళ్లుగా మీరు ముట్టనివి, మళ్లీ చదవననుకున్నవి ఒక పక్కకి తీయండి. అవి మాత్రం మీలా ఇష్టంగా చదివేవాళ్లకి అమ్మండి, తూకం కంటే మెరుగైన ధర వస్తుంది. పాపకి అందే ఎత్తులో ఒక అర ఖాళీ చేసి, చిరిగినా పర్వాలేదనుకున్నవి అందులో పెట్టండి.