గోల్కొండ చిక్కింది, ఖజానా చిక్కిపోయింది

ప్రశ్న: 1686లో బీజాపూరు, 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యాయి. రాజ్యం పెరిగితే రాబడి కూడా పెరగాలి కదా. మొఘలాయిల పతనం సరిగ్గా అప్పుడే మొదలైందంటారేమిటండీ?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రాబడి పెరిగింది. అయితే అందులో వాటా అడిగేవాళ్లు అంతకన్నా పెరిగారు. మొఘల్ కొలువులోని అధికారిని మన్సబ్‌దారు అనేవారు. అతని హోదాకు, అంటే మన్సబ్‌కు, రెండు అంకెలుండేవి. జాత్ సొంత జీతానికి, సవార్ అతను పోషించాల్సిన గుర్రపు దళానికి. ఒక్కో సవార్‌కు ఏడాదికి 8,000 దాములు. 40 దాములు ఒక రూపాయి కాబట్టి 200 రూపాయలన్నమాట. వెయ్యి సవార్ల మన్సబ్ అంటే దళం ఖర్చే 2 లక్షలు. ఇది నగదుగా దక్కేది కొద్దిమందికే. మిగతావారికి అంత 'జమా', అంటే దస్తరంలో రాసుకున్న శిస్తు, ఉన్న ఊళ్లను జాగీరుగా ఇచ్చి వసూలు చేసుకోమనేవారు.

దస్తరంలోని జమా వేరు, చేతికొచ్చే 'హాసిల్' వేరు. జమాలో సగమే వచ్చే జాగీరును ఆరు నెలల జాగీరనీ, పావు వంతే వస్తే మూడు నెలలదనీ లెక్కగట్టేవారు. షాజహాన్ నాటికే ఈ పద్ధతి ఉంది. నెలలు తగ్గినకొద్దీ నిలపాల్సిన గుర్రాలకూ కోత పడేది. దక్కనులో మరీ అన్యాయం. మరాఠాలు శిస్తులో నాలుగో వంతు చౌత్‌గా పట్టుకుపోయేవారు. మిగిలింది రాబట్టాలంటే జాగీరుదారుకు దళం కావాలి, ఆ దళానికి జీతాలివ్వాలంటే ముందు వసూలు కావాలి!

ఓడిన రాజ్యాల సర్దారులనూ, మరాఠా నాయకులనూ తమవైపు తిప్పుకోవడానికి మన్సబ్‌లు ఇస్తూ పోయారు. వెయ్యి జాత్, ఆపైన ఉన్నవాళ్లు 1658–78లో 486 మంది. 1679–1707లో 575. అందులో మరాఠాలే 27 నుంచి 96కు చేరారు. "దానిమ్మ ఒకటి, రోగులు వందమంది" అన్న పారశీక సామెత కొలువులో వాడుకైంది.

ఇందులో ఒక మెలిక ఉంది. గోల్కొండలో మంచి రాబడినిచ్చే భూములను యుద్ధ ఖర్చుల కోసం ఖాలిసాగా, అంటే నేరుగా చక్రవర్తి ఖజానాకు, అట్టేపెట్టుకున్నారు. అందుకే కొందరు చరిత్రకారులు ఇది భూమి కొరత కాదు, పాలకులు తెచ్చిపెట్టిన కొరత అంటారు. తెలుగు నేల వరకు ఆ వాదనకే మా మొగ్గు. ఉత్తరాదిన జాట్ల తిరుగుబాట్లు, జమీందారుల ఎదురుతిరుగుడు కూడా కలిశాయి, అక్కడ ఈ ఒక్క కారణం చాలదు.

జాగీరును మామూలుగా మూడు నాలుగేళ్లకు మార్చేసేవారు. వచ్చే పంటకు ఉంటాడో లేదో తెలియని మనిషి చెరువు పూడిక తీయిస్తాడా? దొరికినంత పిండుకుంటాడు. 1710లలో ఇజారా, అంటే శిస్తు వసూలును గుత్తకివ్వడం, ఖాలిసా భూములకూ పాకింది. 1724 నాటికి దక్కను నిజాం చేతిలోకి వెళ్లింది.

ప్రశ్న: తెలంగాణలో మా తాతల కాలం నాటి జాగీర్లు ఇవేనా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: కావమ్మా. మొఘల్ జాగీరు జీతానికి బదులు ఇచ్చిన శిస్తు హక్కు మాత్రమే, కొడుక్కి దఖలు పడేది కాదు. నిజాం రాజ్యంలో చాలా జాగీర్లు వంశపారంపర్యమయ్యాయి. 1949లో రద్దు చేసినవి అవే.