లారీ నమూనా నేల మీద సరిగా నిలవాలంటే

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలను పెద్దవి చేసి చూశాను. నువ్వు కూర్చుతున్న అమెరికన్ లారీ పీటర్‌బిల్ట్ 359 ప్లాస్టిక్ నమూనా ముక్కు పైకెత్తి నిలబడింది. వెనుక కుడివైపు ఒక జత టైర్లు నేలకు తగలడం లేదు. ఆ చక్రాలను కాస్త కిందికి దించి సరిపెడదామని రాశావు గాని, లోపం అక్కడ లేదు, బండి అడుగున ఉండే ఫ్రేమ్ మెలితిరిగి ఉంది. అసలు బండిలో ఇరవై ఐదో వంతుండే ఈ 1/25 కొలతలో ఒక్క మిల్లీమీటరు అసలు బండి మీద దాదాపు అంగుళంతో సమానం కనుక ఆ కొద్దిపాటి మెలికే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఇంకా జిగురు పెట్టకుండా టేపుతోనే నిలిపి ఉంచావు, చాలా మంచి పని చేశావు.

ముందుగా ఫ్రేమ్‌లోని రెండు పొడవాటి పట్టీలనూ విడదీసి, మందపాటి గాజు పలక మీద ఒక్కొక్కటిగా పెట్టి చూడు. వంకర ఉన్నదాన్ని వేడినీళ్లలో, మరుగుతున్న నీళ్లలో మాత్రం కాదు, అర నిమిషం ఉంచి, వంకరకు ఎదురు దిశలో మెల్లగా వంచి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో చల్లార్చు. ఒక్కసారికి రాకపోతే మళ్లీ చెయ్యి, బలవంతం చేయకు. ఆ తరువాత అడ్డపట్టీలను అమర్చి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి, రెండు కొలతలూ ఒకటైనప్పుడే పలుచని జిగురును కుంచెతో అతుకుల్లోకి పాకించి, గాజు మీదే బరువు పెట్టి ఒక రోజంతా కదపకుండా ఉంచు. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. నా మొదటి లారీకి తొందరపడి అతికించి, మెలిక తరువాత గమనించి, చివరకు ఫ్రేమ్‌ను రంపంతో కోయవలసి వచ్చింది.

ఇరుసులను జిగురు లేకుండా కూర్చి, ఒక్కొక్క టైరు కిందా సన్నని కాగితం ముక్క పెట్టి లాగు. తేలికగా జారివస్తే ఆ టైరు గాలిలో ఉన్నట్టే. ముందుభాగం అప్పటికీ ఎత్తుగానే ఉంటే, ఇరుసు మీద కమాను (స్ప్రింగు పట్టీ) కూర్చునే చోటును రెండు వైపులా సమానంగా అరగదియ్యి. మరీ దిగిపోతే అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ముక్కను మధ్యలో పెట్టు. ఎంత ఎత్తు కావాలో ఊహతో నిర్ణయించకు, అదే బండిని పక్కనుంచి తీసిన ఫొటో ఎదురుగా ఉంచుకో.

క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది) ఫ్రేమ్ మీద పూర్తిగా కూర్చోకపోవడానికి చాలాసార్లు లోపలి నేలపలక అంచులే కారణం. రేడియేటర్ కొద్దిగా వాలినా బానెట్ వెనుక సందు వస్తుంది. రంగు పొర కూడా మందాన్ని పెంచుతుంది కాబట్టి అతుకుల దగ్గర దాన్ని గీకు; క్రోమ్ పూత ఉన్నచోట అది తీయనిదే జిగురు పట్టదు.

ఇవన్నీ చేశాక, కెమెరాను ఇరుసుల ఎత్తులో ఉంచి పక్కనుంచి ఒక ఫొటో తీసి పంపు. పైనుంచి తీస్తే నిలుపులోని తేడా నాకు కనిపించదు.

మీ మామయ్య