వైన్స్ డ్రాలో తగిలితే లైఫ్ సెటిల్ అయినట్టేనా?

"తెలంగాణలో మాది మండల కేంద్రం. నలుగురం ఫ్రెండ్స్ కలిసి 2027లో వచ్చే వైన్స్ టెండర్‌కి వేద్దామనుకుంటున్నాం. చేతిలో ఎంత ఉండాలి? లైసెన్స్ వచ్చాక పోకుండా ఎలా చూసుకోవాలి?" అని అడిగారు. 2023 డిసెంబర్ 1 నుంచి 2025 నవంబర్ 30 దాకా నేనూ మా వాళ్లూ ఏ4 షాపు, అంటే లైసెన్స్ ఉన్న రిటైల్ వైన్స్, నడిపాం. ఊరి పేరు మాత్రం అడక్కండి. కింద చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

అందరూ టెండర్ అంటారు గానీ ఇందులో పాటా లేదు, రేటూ లేదు. ఉత్త లాటరీ. 2023లో ఒక్కో అప్లికేషన్‌కి 2 లక్షలు కట్టాం. తగలకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఒక్కరే ఎన్నయినా వేసుకోవచ్చు. రాష్ట్రంలో 2,620 షాపులుంటే 1.31 లక్షలకు పైగా అప్లికేషన్లు పడ్డాయి, అంటే సగటున షాపుకు యాభై. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. అప్లికేషన్లు 95 వేల దగ్గర ఆగాయి, అయినా సర్కారుకు వచ్చిన డబ్బు మాత్రం ముందుకన్నా ఎక్కువే. షాపుల్లో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. మీ నలుగురిలో ఎవరికైనా అది వర్తిస్తే కుల సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, నోటిఫికేషన్ వచ్చాక ఉండే టైము చాలా తక్కువ.

మేం ఎనిమిది మందిమి. మూడు షాపుల మీద పది అప్లికేషన్లు వేశాం, ఇరవై లక్షలు. డ్రా రోజు ఫంక్షన్ హాల్ కిక్కిరిసిపోయింది. మా షాపు టోకెన్ తీసి నంబర్ చదివేసరికి నాకు చెవుల్లో ఏమీ వినపడలేదు. అది మా బావమరిది పేరున వేసిన నంబర్. అతను టూవీలర్ మెకానిక్, ఈ వ్యాపారంలో పైసా పెట్టలేదు. ఆ నెల అతని గ్రహాలు బాగున్నాయని మా అత్తగారు చెబితే అతని ఆధార్, పాన్ పెట్టాం. నవ్వుకోండి గానీ ఆ హాల్లో సగం అప్లికేషన్లు అలాంటివే. భార్య పేరు, వదిన పేరు, కలిసొచ్చిన మనవడి పేరు.

హాలు గేటు దాటకముందే ఇద్దరు వచ్చి మా బావమరిది భుజం మీద చెయ్యేశారు. షాపు మాకిచ్చేయ్, గుడ్‌విల్ ఇంత ఇస్తాం, లైసెన్స్ నీ పేరునే ఉంటుంది, నువ్వు ఇంట్లో కూర్చో అని. వాళ్లు చెప్పిన అంకె వింటే మా ఎనిమిది మందిలో ఐదుగురు ఇచ్చేద్దామన్నారు. వద్దని పట్టుబట్టింది నేనే. లైసెన్స్ అలా ఇంకొకరికి అమ్ముకునేది కాదు. వాళ్లు కౌంటర్లో ఏం చేసినా కేసులో మొదటి పేరు లైసెన్స్‌దారుదే. డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చున్నవాడికి షాపులో ఏం జరుగుతోందో కూడా తెలియదు.

ఇక డబ్బు. ఎక్సైజ్ ట్యాక్స్ ఊరి జనాభాను బట్టి ఉంటుంది. మా పాలసీలో 5 వేల లోపు జనాభాకు ఏడాదికి 50 లక్షలు, 50 వేల దాకా 55 లక్షలు, అక్కణ్నుంచి పెరుగుతూ 20 లక్షలు దాటిన సిటీలో 1.10 కోట్లు. మాది 55 లక్షల స్లాబు. దీన్ని ఏడాదికి ఆరు కిస్తీలుగా కట్టాలి, కిస్తీకి 9 లక్షల పైచిలుకు. మొదటి కిస్తీ డ్రా తగిలిన వెంటనే కట్టాలి, ఆలోచించుకుందాం అనడానికి ఉండదు. ఏడాది ట్యాక్స్‌లో పాతిక శాతం బ్యాంక్ గ్యారంటీ, మాకు 13.75 లక్షలు. ఇది కాక ఏటా 5 లక్షల స్పెషల్ ట్యాక్స్. మడిగె అడ్వాన్స్, ర్యాకులు, రెండు పెద్ద ఫ్రిజ్‌లు, సీసీ కెమెరాలు. ఆ తర్వాత సరుకు. బేవరేజెస్ కార్పొరేషన్ డిపోలో ఉద్దెర ఉండదు, డబ్బు కట్టాకే ఇండెంట్ కదులుతుంది. అప్లికేషన్ల ఖర్చు పక్కన పెడితే షట్టర్ ఎత్తే రోజుకి మాకు 70 లక్షలు దాకా అయ్యాయి. నలుగురికి కనీసం ఆ పాటి సొంత డబ్బు లేకపోతే నన్నడిగితే వద్దనే అంటాను. నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వైన్స్ పెట్టినవాళ్లను చూశాను, రెండేళ్లు ఫైనాన్స్ వాడికి పనిచేసి వచ్చారు.

మార్జిన్ 27 శాతం అని విని వచ్చి ఉంటారు. అది మామూలు రకం మందు మీద. మీడియం, ప్రీమియం రకాల మీద 20. కొనుగోళ్లు ఏడాది ట్యాక్స్‌కి పది రెట్లు దాటితే, అంటే మాకు ఐదున్నర కోట్లు దాటితే, ఆపైన కొన్నదాని మీద 10 శాతం టర్నోవర్ ట్యాక్స్ పడుతుంది. కాబట్టి అమ్మకం బాగున్న ఊళ్లో కూడా ఏడాది చివరి నెలల లాభం మొదటి నెలల్లా ఉండదు. ఈ లెక్క మాలో ముగ్గురికి మొదటి ఏడాది అయ్యేదాకా ఎక్కలేదు, డబ్బు ఎక్కడికి పోతోందని నా మీదే అనుమానం.

మా మొదటి వారం సంగతి చెప్పాలి. 2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్. మర్నాడు మా షాపు ఓపెనింగ్. పోలింగ్ ముగిసేదాకా 48 గంటలు రాష్ట్రమంతా బంద్ కాబట్టి జనం మా షట్టర్ ముందు పొద్దున ఎనిమిదికే లైన్ కట్టారు. టైము పది గంటలకు గానీ లేదు. రెండు రోజులు గల్లా నిండింది. మూడో రోజు కౌంటింగ్, మళ్లీ మూత. ఆ వారమే నాకు అర్థమైంది, ఈ వ్యాపారంలో క్యాలెండర్ మన చేతిలో ఉండదని. 2025 జనవరిలో ఒక పెద్ద బీరు కంపెనీ రాష్ట్రానికి సరఫరా ఆపినప్పుడూ అంతే. కిస్తీ మాత్రం ఆగలేదు.

మడిగె విషయంలో మేం ఒకసారి దెబ్బతిన్నాం. బడి, గుడి, ఆసుపత్రికి 100 మీటర్ల దూరం ఉండాలి. మేం చూసిన మడిగె బడి ముందు గేటుకు బాగా దూరం. అడ్వాన్స్ ఇచ్చేశాక తెలిసింది, వెనక సందులో పిల్లలు వచ్చిపోయే చిన్న గేటు ఇంకొకటి ఉందని. మనిషి నడిచే దారిన టేపు పెడితే 80 మీటర్లు కూడా రాలేదు. అడ్వాన్స్‌లో సగం పోయింది. మీ ఊరు హైవే మీద ఉంటే ఇంకో మెలిక ఉంది. సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో హైవేకి 500 మీటర్ల లోపు షాపులు వద్దంది, తర్వాత 2017లో 20 వేల లోపు జనాభా ఉన్న చోట దాన్ని 220 మీటర్లు చేసింది. మున్సిపాలిటీల లోపల సడలింపు ఉంది గానీ గ్రామ పంచాయతీకి ఆ వెసులుబాటు ఉందనుకోకండి. అడ్వాన్స్ ఇచ్చేముందు టేపు పట్టుకుని మీరే నడవండి.

లైసెన్స్ నిలబెట్టుకోవడం గురించి అడిగారు. మందు సంగతి కన్నా కౌంటర్లో కూర్చునే కుర్రాడి సంగతి ముందు చూడాలి. ప్రతి సేల్స్‌మన్‌కీ నౌకర్‌నామా, అంటే కౌంటర్లో అమ్మడానికి ఎక్సైజ్ వాళ్లిచ్చే పర్మిషన్ కాగితం, ఉండాలి. ఎవడో చుట్టాలబ్బాయి గంటసేపు కూర్చున్నాడు, ఆ గంటలోనే చెకింగ్ వచ్చింది అనే కథ ప్రతి షాపులోనూ వింటారు. మా దగ్గర జరిగింది వేరు. రాత్రి పూట కూర్చునే కుర్రాడు చల్లటి బీరుకు పది రూపాయలు ఎక్కువ తీసుకునేవాడు, 'కూలింగ్ చార్జి' అని. మాకు తెలియదు. తెలియదు అంటే, నిజం చెప్పాలంటే, గల్లాలో తేడా కనపడనందుకు మేం అడగలేదు. ఒకాయన సీసా మీద ఎమ్మార్పీని, కుర్రాడి మాటలను ఫోన్లో తీసి పైకి పంపాడు. పొద్దున షట్టర్ ఎత్తకముందే మనుషులొచ్చి నిలబడ్డారు. ర్యాక్ ర్యాక్ లెక్కపెట్టారు, క్వార్టర్ల పేటీలో ఎన్ని, ఫుల్ బాటిళ్లు ఎన్ని, రిజిస్టర్లో ఎన్ని అని. అదృష్టం కొద్దీ స్టాక్ సరిపోయింది. షోకాజ్ నోటీసు మాత్రం వచ్చింది, కుర్రాడి పేరునో నా పేరునో కాదు, స్పార్క్ ప్లగ్ మారుస్తూ కూర్చున్న మా బావమరిది పేరున. ఎక్సైజ్ చట్టంలో 31వ సెక్షన్ అంటే లైసెన్స్ సస్పెండ్ చేయడం, రద్దు చేయడం. ఆ సెక్షన్ నంబర్ చూసి అతను రెండు రోజులు అన్నం తినలేదు. జరిమానాతో పోయింది.

బెల్టు షాపుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పేటీల లెక్కన పట్టుకెళ్తామని ఊళ్లనుంచి వస్తారు, సేల్ అమాంతం పెరుగుతుంది. ఇవ్వకపోతే పక్క మండలం షాపుకు పోతారు. ఇవ్వనందుకు మేం మొదటి ఏడాది నష్టపోయింది అక్కడే. అయినా సీసా మీది హోలోగ్రామ్‌తో అది ఏ షాపుదో బయటపడుతుంది, పట్టుబడిన పేటీ మన దగ్గరికే నడిచొస్తుంది.

అన్నిటికన్నా ఎవరూ చెప్పని విషయం ఇన్‌కమ్ ట్యాక్స్. మా టైములో సరుకు కొన్నప్పుడల్లా 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, లైసెన్స్‌దారు పాన్ మీద పడేది. మా బావమరిది 26ఏఎస్‌లో, అంటే పాన్ మీద పడిన ట్యాక్స్‌ల చిట్టాలో, కోట్ల కొనుగోళ్లు. లాభం ఎనిమిది మందికి పంచాం, పంచినట్టు కాగితం లేదు, సగం నగదు. మీరు మాత్రం పార్ట్‌నర్‌షిప్ గురించి డ్రాకి ముందే ఆడిటర్‌తో మాట్లాడండి, పేరు ఎవరిదో అతన్నీ వెంట తీసుకెళ్లండి.

షాపు మూసి నెలలు గడిచాయి. 2025లో ఒకే ఒక్కటి వేశాం, ఈసారి నా పేరునే, తగల్లేదు. మొన్న మా బావమరిదికి ఇంకో నోటీసు వచ్చింది. ఈ ఆదివారం అతని మెకానిక్ షెడ్డు మూయించి, పాత డిపో ఇన్‌వాయిస్‌ల సంచి పట్టుకుని ఇద్దరం ఆడిటర్ దగ్గరికి వెళ్తున్నాం.