గొంతునొప్పి వస్తే మూత్రం ఎర్రగా వస్తోంది.. ఇమ్యూనిటీ పొడులు వాడొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. జలుబు, గొంతునొప్పి వచ్చిన మర్నాడే మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. బయాప్సీ చేసి ఐజీఏ నెఫ్రోపతీ అన్నారు. క్రియాటినిన్ 1.0. మూత్రంలో ప్రొటీన్ రోజుకు 1.4 గ్రాములు పోతోంది. బీపీ 138/88. ఐజీఏ అంటే ఇమ్యూనిటీ ప్రొటీనే కదా, అది కిడ్నీని ఎలా పాడుచేస్తుంది? ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడమని చుట్టాలు చెబుతున్నారు. వాడొచ్చా? పప్పు, గుడ్లు మానేయించాలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఐజీఏ మనకు మేలు చేసే ప్రొటీనే అమ్మా. గొంతులో, పేగుల్లో క్రిములను అడ్డుకునే యాంటీబాడీ అది. ఈ జబ్బులో కొంత ఐజీఏకు ఉండాల్సిన గెలాక్టోజ్ అనే చక్కెర తక్కువగా ఉంటుంది. శరీరం దాన్ని పరాయిదనుకుని, దానిపై మరో యాంటీబాడీని తయారుచేస్తుంది. ఈ రెండూ ముద్దలుగా అతుక్కుని, కిడ్నీలో రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్‌లలో పేరుకుంటాయి. అక్కడ వాపు మొదలై రక్తం, ప్రొటీన్ మూత్రంలోకి దిగుతాయి. గొంతు ఇన్‌ఫెక్షన్ రాగానే ఈ గొడవ ఎక్కువవుతుంది కాబట్టే ఒకటి రెండు రోజుల్లో మూత్రం రంగు మారుతోంది. ప్యారిస్‌లో జాఁ బెర్జే 1968లో ఈ జబ్బును మొదట వివరించారు. ఇప్పటికీ దీన్ని నిర్ధారించేది కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీయే. రక్తంలో ఐజీఏ ఎంతుందో చూసి చెప్పలేం.

ఎర్రటి మూత్రం చూసి మీరు భయపడ్డారు. నాకు మాత్రం ఆ 1.4 గ్రాముల గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని ఊరుకుంటే కుదరదు. ప్రొటీన్ ఏళ్ల తరబడి ఇలాగే పోతే కిడ్నీ నెమ్మదిగా దెబ్బతింటుంది. దాన్ని రోజుకు అర గ్రాము లోపుకు తేవడం మన లక్ష్యం. అందుకు టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మందుల్లో ఏదో ఒకటి ఇస్తారు. ఇవి బీపీని, ప్రొటీన్‌ను రెండింటినీ తగ్గిస్తాయి. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు తప్పనిసరి. డపాగ్లిఫ్లోజిన్ రాస్తే షుగర్ మందు అని టెన్షన్ పడకండి, షుగర్ లేనివాళ్ల కిడ్నీలకు కూడా అది పనికొస్తుంది. అప్పటికీ తగ్గకపోతే స్టెరాయిడ్లు ఆలోచిస్తారు. పేగు చివరి భాగంలో పనిచేసేలా తయారుచేసిన బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్‌కు అమెరికాలో 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. అది మీ అబ్బాయికి అవసరమా, ఇక్కడ దొరుకుతుందా అన్నది మీ కిడ్నీ డాక్టరునే (నెఫ్రాలజిస్టు) అడగండి.

పొడులు మాత్రం దయచేసి వద్దు. అతనికి ఇమ్యూనిటీ తక్కువై ఈ జబ్బు రాలేదు. పైగా అందులో ఏం కలిపారో తెలియని పొడులు కిడ్నీలకు చేటు చేయవచ్చు. పప్పు, గుడ్డు మామూలుగా తినొచ్చు, ప్రొటీన్ పౌడర్లు వద్దు. ఉప్పు అన్నీ కలిపి రోజుకు ఒక టీస్పూను దాటకూడదు. ఆవకాయ, అప్పడాలు బాగా తగ్గించాలి. సిగరెట్ అలవాటుంటే మానేయాలి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోకూడదు.

మూత్రం బాగా తగ్గినా, ముఖం, కాళ్లు వాచినా, ఎర్రటి మూత్రం వారం దాటినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.